శుక్రవారం మాత్ర

ఆ తండా బడికి హెడ్మాస్టరూ, మాస్టరూ, గుమాస్తా అన్నీ చెంచురామయ్య పంతులే. కానీ పిల్లలు భయపడేది ఆయనకు కాదు, చీపురు పట్టుకున్న మంగమ్మకు. బడి ఊడ్చి, బోరింగు నీళ్లు మోసి, ముక్కులు తుడిచి, గోళ్లు కత్తిరించి, ఆనక ఒక్కొక్కర్నీ పేరుపేరునా తిట్టి ఇంటికి పంపేది. అందరికీ ఆయమ్మ. చెంప మీద అరచెయ్యి ఆనించి ఎవరికి జ్వరం ఉందో చెప్పేసేది. ఇప్పుడెక్కడున్నాయి అలాంటి అరచేతులు!

అవి ఎనభైల నాటి రోజులు. వానలు పడితే చాలు, ఇంటికొకరు గొంగడి కప్పుకుని వణికేవాళ్లు. అందుకని శుక్రవారం ప్రార్థన కాగానే పంతులు మలేరియా మాత్రలు పంచేవాడు. ఆ చేదు మామూలు చేదు కాదు, మర్నాటి దాకా నాలుకను వదిలేది కాదు. “మింగారా?” అని ఆయన అడిగితే, “మింగినం సార్!” అని పిల్లలంతా కప్పు ఎగిరిపోయేలా అరిచేవాళ్లు. ఎక్కడో వేంసూరు నుంచి వచ్చిన పెద్దమనిషి ఆయన, నమ్మేసేవాడు పాపం.

మంగమ్మ నమ్మేది కాదు. సాయంత్రం తడిక గోడ వెనక ఊడ్చేది ఆమే మరి. సగం కరిగిన మాత్రలు దుమ్ములో తెల్లగా కనిపించేవి. మొదటిసారి చూసినప్పుడు చీపురెత్తింది. బద్యా కూతురు లాలి, ఏడేళ్ల పిల్ల, కాళ్లు చుట్టేసుకుంది.

“సారుకు చెప్పకు ఆయమ్మా, కొడ్తడు. అది నోట్లేస్తే కక్కొస్తది.”

మంగమ్మ మెత్తబడిపోయింది. పసివాళ్లు, ఎట్లా మింగుతారులే అనుకుని మాత్రలు చేటలోకెత్తి పొదల్లో పారేసింది. ఆ తర్వాత ప్రతి శుక్రవారం అదే పని.

శ్రావణంలో లాలికి జ్వరమొచ్చింది. మూడో రోజుకు పిల్ల పలకడం మానేసింది. సారపాక కాగితం మిల్లుకు వెదురు తోలే లారీని ఆపి, బద్యా పిల్లను భుజాన వేసుకుని ఎక్కాడు. వెంట పంతులూ, మంగమ్మా. డ్రైవరు పుణ్యాత్ముడు, మిల్లు దగ్గర ఆగకుండా గోదావరి వంతెన దాటించి భద్రాచలం దవాఖానా ముందే దింపాడు. దారి పొడుగునా మంగమ్మ ఆ చెంప మీద నుంచి చెయ్యి తియ్యలేదు. పెనంలా కాలుతోంది.

“మలేరియా మాత్రలు వేసుకుంటోందా?” అని డాక్టరు అడిగాడు.

“ప్రతి శుక్రవారం నా చేత్తో ఇస్తున్నానండీ,” అన్నాడు పంతులు.

“మింగుతున్నా ఇట్లా ముదిరిందంటే ఆ మందు దీనికి పనిచెయ్యట్లేదన్నమాట. వేరేది చూడాలి. నిజంగా మింగుతోందా?”

మంగమ్మ పిల్ల వంక చూసింది. చెబితే బద్యా మొహం ఎట్లా చూడాలి? తండాలో ఇక ఎవరు తన చేతికి పిల్లల్ని ఇస్తారు? చెప్పకపోతే లాలి దక్కకపోవచ్చు.

“మింగలే డాక్టర్ సాబ్. ఊసేసింది. అందరు ఊసేసిండ్రు. నేను చూసి గూడ ఊడ్చి పారేసిన.”

బద్యా పిల్లను తన వైపుకు లాక్కున్నాడు. తిట్టినా బాగుండేదని ఆమె ఎన్నో ఏళ్లు అనుకుంది.

అదే మందును సూదిలో ఎక్కించారు. పది రోజులకు లాలి లేచి కూర్చుంది. కానీ బద్యా పిల్లను బడికి పంపలేదు, మంగమ్మ ఎదురైతే తల తిప్పుకునేవాడు. తనను తీసెయ్యమని మంగమ్మ పంతులును అడిగింది. “మింగారా అని అడిగానే గాని నోరు తెరిపించలేదు. ముందు నన్ను తీసెయ్యాలి,” అన్నాడాయన.

అప్పుడు పట్టింది మంగమ్మ పంతం. ఇంట్లో దాచిన ఇప్పపువ్వు వేయించి, నువ్వులతో దంచి, ఉండలు చుట్టి బడికి తెచ్చింది.

“బడిలో ఇప్పపువ్వా? ఇన్‌స్పెక్టరు వస్తే సారా కాస్తున్నామంటాడే!” అని పంతులు బెంబేలెత్తాడు.

“ఆయనకు గూడ ఒకటి పెడత సారూ.”

మాత్ర, నీళ్లు, ఆ తర్వాత నోరు తెరిచి నాలుక ఎత్తి చూపించాలి. అప్పుడే ఉండ. గోడ వెనక మళ్లీ ఒక్క మాత్ర దొరకలేదు.

మాఘం వచ్చేసరికి ఆమె ఇప్పపువ్వు అయిపోయింది. ఓ శుక్రవారం పొద్దున బద్యా వచ్చాడు. ఒక చేతిలో గంప, రెండో చేతిలో లాలి.

“ఇప్పపువ్వు ఒడిసిందంట గద,” అని గంప దించాడు. పిల్లను ముందుకు తోశాడు. “దీన్ని గూడ నువ్వే చూస్కో.”

మంగమ్మ ఆ రోజు బడి ఊడవలేదు. గుమ్మంలో కూర్చుని ఏడ్చింది.

పన్నెండేళ్లు గడిచాయి. ఆమె పని మానేసింది, పంతులు బదిలీ మీద వెళ్లిపోయాడు. ఓ వానాకాలం చలిజ్వరంతో మూలుగుతుంటే మందుల సంచితో నర్సమ్మ వచ్చింది. లాలి. చెంప మీద అరచెయ్యి ఆనించి చూసి, మాత్ర, చెంబుతో నీళ్లు ఇచ్చింది.

మంగమ్మ నీళ్లు తాగింది. “మింగిన బిడ్డా,” అంది, ఒక చెంప కాస్త ఉబ్బించుకుని.

“నోరు తెరువు ఆయమ్మా. నాలుక ఎత్తు.”

దొరికిపోయిన మంగమ్మ మొహం చిట్లించుకుంటూ మింగింది. మళ్లీ నోరు తెరిచి చూపించింది. లాలి సంచిలోంచి ఇప్పపువ్వు ఉండ తీసి ఆ నోట్లో పెట్టింది.