మందార మొక్క మీద ఇంగ్లీషు పాఠం

ఆ బడిలో ఇంగ్లీషు చెప్పే ఆయన్ని పిల్లలు చాటుగా డిక్షనరీ మాస్టారు అనేవాళ్లు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. తెలిసి, పైకి చిరాకు పడుతూ లోపల మురిసిపోయేవాడు.

ఆయనది పల్లెటూరి బడి చదువు. ఇంగ్లీషు చాలా ఆలస్యంగా వచ్చింది. వచ్చాక మాత్రం, మొహమాటం లేని చుట్టంలాగా ఇక కదల్లేదు. ఒక్క మాట దొరికితే చాలు, దాని అన్నదమ్ముల్నీ, దాయాదుల్నీ, వేలువిడిచిన మేనమామల్నీ పిలుచుకొచ్చి బోర్డు మీద వరసగా కూర్చోబెట్టేవాడు. బడిలో సరిపోక ఇంట్లోనూ ఇదే వరస.

"ఏమండీ, ‘ఇక చాలు’ అనడానికి ఇంగ్లీషులో ఎన్ని మాటలున్నాయేంటి?" అని అడిగింది ఒకసారి భార్య, అన్నం వడ్డిస్తూ.

"ఓ, బోలెడు!"

"వాటిలో ఒక్కటన్నా మీకు పనికొస్తుందేమో చూడండి."

ఆవిడన్నదాంట్లో తప్పేమీ లేదని ఆయనే ఒప్పుకునేవాడు. ఒప్పుకుని, ఎందుకు తప్పు లేదో అరగంట చెప్పేవాడు.

కంటితో చూడని మాట నోటికి రాదని ఆయన నమ్మకం. ‘జంప్’ చెప్పిన రోజున బల్ల మీంచి దూకి చీలమండ బెణికించుకున్నాడు. ‘పోర్’ చెప్పిన రోజున చెంబెడు నీళ్లు, అప్పుడే గుమ్మంలోకి వచ్చిన తనిఖీ అధికారి బూట్ల మీద పడ్డాయి. ఆ అధికారి ఎంత మంచివాడో! బూట్లు తుడుచుకుంటూ, "పాఠం బాగా అర్థమైంది మాస్టారూ" అని మాత్రం అన్నాడు.

ఆ ఏడాది ఒక పాఠంలో ‘కర్టెయిల్’ అనే మాట తగిలింది. కుదించడం, కత్తిరించడం. ఇక చూసుకోండి, దాని బలగమంతా దిగింది: ట్రిమ్, ప్రూన్, కట్ బ్యాక్, లాప్, స్లాష్. ముందు బెంచీ పిల్ల ఒకతె బోర్డు కేసి చూసి, "అన్నీ కొయ్యడమే కదా సార్" అంది.

మాస్టారికి ఒళ్లంతా కారం రాసినట్టయింది. "అన్నీ ఒకటేనా? పదండి బయటికి, చూపిస్తాను."

గది మెట్ల పక్కన ఒక మందార మొక్క ఉంది. బడి ఊడ్చే ఆయమ్మది. ఆమె అద్దెకున్న పాత ఇంటిని పడగొట్టినప్పుడు, పెరట్లోంచి తెచ్చుకోగలిగింది ఒక మందార కొమ్మ ఒక్కటే. దాన్నే ఇక్కడ గుచ్చి పెంచుకుంది. రోజూ పొద్దున ఒక పువ్వు కోసి ప్రార్థన బల్ల మీది గాజు గ్లాసులో పెడుతుంది. ఇదంతా మాస్టారికి తెలుసు. అందుకే అడిగే ముట్టుకున్నాడు.

"ఆయమ్మా, నీ మొక్కవి నాలుగాకులు కత్తిరించి పిల్లలకి చూపిస్తానమ్మా. తోట కత్తెర ఇస్తావా?"

"నాలుగే కదా సారూ?"

"నాలుగే."

"మీ నాలుగు సంగతి నాకు తెలుసు. పైపైన కానివ్వండి. మొగ్గల జోలికి పోవద్దు." కత్తెర చేతికిచ్చి, బడి ఉత్తరాలు పోస్టులో వెయ్యడానికి వెళ్లింది ఆయమ్మ.

మాస్టారు మొదలుపెట్టాడు. ట్రిమ్ అంటే అంచులు సవరించడం. గడ్డాన్నీ జుట్టునీ సవరించుకున్నట్టు. ఆకారం చెడకూడదు, ముస్తాబవ్వాలి. నిజంగానే మొక్క ముచ్చటగా తయారైంది. అక్కడితో ఆగి ఉంటే అది ఆయన చెప్పిన పాఠాలన్నిటిలోకీ మంచిదయ్యేది.

ప్రూన్ అంటే పనికిరాని కొమ్మ తీసేసి మొక్కకి మేలు చెయ్యడం. వ్యాసంలో అక్కర్లేని వాక్యాలు తీసేసినా ప్రూనే. ఎండుకొమ్మ కోసం వెతికితే దొరకలేదు. ఆయమ్మ ఉండనిస్తేగా! పచ్చి కొమ్మనే ఎండుదనుకోమని పిల్లలకి చెప్పి కోశాడు. ఒకవైపు బోసిపోయింది. సమానం చేద్దామని రెండోవైపు కోశాడు. అటు మరీ తగ్గింది. మళ్లీ ఇటు. ఈలోగా కట్ బ్యాక్ వచ్చింది. ఖర్చులైనా కొమ్మలైనా బాగా కిందికి తగ్గించడం. ఆ తర్వాత లాప్. పెద్ద కొమ్మని టక్కున తెగ్గొట్టడం. ఇక దుకాణాల వాళ్లు ధరల్ని అడ్డంగా కోసేస్తామనే స్లాష్‌కి వచ్చేసరికి ఆయనకి పూనకం వచ్చినట్టే అయింది. చొక్కా చేతులు పైకి మడిచాడు.

గంట కొట్టారు.

"సార్, కర్టెయిల్ చూపించనే లేదు" అంది ఆ ముందు బెంచీ పిల్ల.

"అది మొక్కలకి వాడరమ్మా. ప్రసంగానికి, ప్రయాణానికి, అధికారానికి వాడతారు. ఇంకా సాగాల్సినదాన్ని ముందే కుదించేస్తే కర్టెయిల్."

"అంటే మీరు గంట కొట్టకముందే పాఠం ఆపేస్తే కర్టెయిలా సార్?"

"శభాష్! అదే."

"ఎప్పుడైనా ఆపారా సార్?"

పిల్లలు ఘొల్లుమన్నారు. మాస్టారూ పకపకా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ వెనక్కి తిరిగి చూశాడు. మొక్క లేదు. మోకాలెత్తు మోడు ఉంది. కాళ్ల చుట్టూ కొమ్మలు, ఆకులు, మొగ్గలు.

అదే సమయానికి ఆఫీసు గదిలోంచి పెద్ద మేడమ్ వచ్చింది. గేటులోంచి ఆయమ్మ వచ్చింది.

"ఇదేంటి? ఎవరు చేశారీ పని?" అంది పెద్ద మేడమ్.

ఒక్కో మాటకి అరడజను పర్యాయపదాలు వల్లించే ఆ నోటికి ఒక్క మాటా అందలేదు. చేతిలో కత్తెర మాత్రం దాచడానికి వీల్లేనంత పెద్దదిగా ఉంది. "మేడమ్... అది... నేను..."

"సరే, ఇక ఈ మోడెందుకు? పీకించేస్తే సైకిళ్లు పెట్టుకోవడానికి చోటు దొరుకుతుంది."

ఆయమ్మ మోడు కేసి ఒకసారి చూసింది. "నేనే కొట్టమన్నానమ్మా. గుబురుగా పెరిగి మెట్లకి అడ్డమొస్తోందని. పీకించకండమ్మా, చిగురేస్తది. సెలవులయ్యేలోపు వెయ్యకపోతే అప్పుడు మీ ఇష్టం."

పెద్ద మేడమ్ సరేనని లోపలికి వెళ్లిపోయింది. మాస్టారికి తల కొట్టేసినట్టయింది. "నా కోసం అబద్ధమాడావా అమ్మా? తప్పు కదా!"

"దేవుడు క్షమిస్తాడు లెండి. నేనే ఇంకా క్షమించలేదు." ఆమె వంగి మొగ్గలున్న కొమ్మల్ని ఏరుకుంది.

"చిగురేస్తుందంటావా?"

"నాకేం తెలుసు సారూ? నేనెప్పుడైనా దీన్నిలా నరికానా?" అంటూ ఏరిన కొమ్మల్ని కొంగులో వేసుకుంది.

మర్నాడు ప్రార్థన బల్ల మీద గ్లాసు బదులు బకెట్టు ఉంది. దాన్నిండా విచ్చిన మందారాలు. పిల్లలు చదువు కోసం, పరీక్షల కోసం కళ్లు మూసుకున్నారు. మాస్టారు ఒక మోడు కోసం మూసుకున్నాడు. ఆయన ప్రార్థన అంత పొట్టిగా ఎప్పుడూ లేదు. "బతికించు స్వామీ" అన్నాడంతే.

సెలవులిచ్చారు. మాస్టారు రోజూ పొద్దున్నే బడికి బయల్దేరేవాడు. "నన్నేనాడైనా మంచినీళ్లు కావాలా అని అడిగారా?" అని భార్య దెప్పేది. దెప్పుతూనే, కూరగాయలు కడిగిన నీళ్లు బిందెలో పట్టి, గుడ్డ చుట్టి చేతికిచ్చేది. తీరా వెళితే ఆయమ్మ అప్పటికే నీళ్లు పోసి ఉండేది.

"రెండుసార్లు పోసి కుళ్లబెడతారా ఏంటి? అవతల వేపమొక్కకి పొయ్యండి."

ఆయన బుద్ధిగా పోసేవాడు. ఆమె అటు తిరగ్గానే, లోపల పచ్చిగా ఉందో లేదోనని మోడుని గోటితో గిల్లేవాడు. "గిల్లొద్దన్నానా!" అని వరండాలోంచి కేక వినిపించేది. ఆమెకి వీపున కూడా కళ్లున్నాయని ఆయనకి గట్టి అనుమానం.

సెలవులు అయిపోవస్తున్నాయి. మోడు ఎండకి బూడిద రంగుకి తిరిగింది. పెద్ద మేడమ్ సైకిళ్ల చోటు కొలిపించడానికి మనిషిని కూడా పంపింది. ఆ రాత్రి మాస్టారికి అన్నం సయించలేదు. భార్య కూడా ఆ పూట ఏమీ దెప్పలేదు.

తెల్లవారి ఆయన వెళ్లేసరికి ఆయమ్మ గేటు దగ్గరే నిలబడి ఉంది. రమ్మన్నట్టు తలూపి ముందు నడిచింది. మోడు దగ్గర కూర్చుని, కణుపు మీద వేలు పెట్టి చూపించింది.

మాస్టారు కళ్లజోడు తుడుచుకుని వంగాడు. కణుపు పగిలి, బియ్యపుగింజంత చిగురు బయటికి తొంగి చూస్తోంది. దాని పక్కనే ఇంకొకటి. ఆయన కళ్లు చెమ్మగిల్లాయి. తెలియకుండానే చెయ్యి ముందుకి చాచాడు.

"చేతులు వెనక్కి పెట్టుకుని చూడండి సారూ" అంది ఆయమ్మ.

మాస్టారు చేతులు వెనక్కి కట్టుకున్నాడు. ఇంకాస్త వంగి, అలాగే చూస్తూ ఉండిపోయాడు.