నాన్న పూడ్చిన సందులు

మా నాన్న పరిచిన టైల్స్ మధ్య సందు కనిపించాలంటే భూతద్దం కావాలని తోటి మేస్త్రీలు అనేవాళ్ళు. ఆ మాట వింటే ఆయన కడుపు నిండిపోయేది. చేతులు వణకడం మొదలయ్యాక ఎవరూ పనికి పిలవలేదు. రెండేళ్ళుగా ఇంట్లో కూర్చుని, వంటగదిలో నేను వేసిన టైల్స్‌కు వంకలు పెట్టడమే ఆయన ఉద్యోగం. ఆ ఉద్యోగానికి సెలవులు కూడా లేవు.

నాకు సొంతంగా దొరికిన మొదటి పెద్ద పని ఒక ఆసుపత్రి హాలు. పడమటి గోడ మొత్తం అద్దమే. మధ్యాహ్నం దాటితే నేల కాలిపోతుంది. వేడికి టైల్స్ సాగుతాయి, వాటికి చోటుండాలి, లేకపోతే పైకి లేస్తాయి. అందుకే గోడల వెంబడీ, మధ్యలో మూడు వరుసల్లోనూ చిటికెన వేలంత సందు వదిలాను. అందులో రబ్బరులా సాగే సిలికాన్ నింపడమొక్కటే మిగిలింది. సరిగ్గా అప్పుడే జ్వరమొచ్చి ఒకరోజు మంచం దిగలేదు.

మర్నాడు మధ్యాహ్నం, ఇంజినీరు వచ్చే వేళకు పరుగున వెళ్ళాను. సందులన్నీ గట్టి సిమెంటుతో నిండిపోయి ఉన్నాయి. పక్కనే నాన్న, మోకాళ్ళకు తువ్వాళ్ళు కట్టుకుని నిలబడ్డారు. నా సంచిలోంచి హాలు తాళంచెవి తీసుకుని ముందురోజంతా పాకుతూ పూడ్చారట.

"సగంలో వదిలేశావు కదమ్మా, పూర్తి చేశాను," అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. వాచిన ఆ మోకాళ్ళు చూస్తే ఏడుపొచ్చింది. ఏదీ బయటపెట్టే లోపే ఇంజినీరు వచ్చి, ఇంత నున్నటి పని ఈమధ్య చూడలేదని మెచ్చుకున్నాడు. రెండేళ్ళ తర్వాత నాన్న ముఖం వెలిగింది. నేను నోరు మూసుకుంటే ఆ వెలుగు అలాగే ఉంటుంది. కానీ రేపటి నుంచి ఈ నేల మీద చేతికర్రలతో రోగులు నడవాలి.

సందులన్నీ కోసి తెరవాలని చెప్పాను. రేపే ప్రారంభమైతే ఇప్పుడు దుమ్ము రేపడమేమిటని ఇంజినీరు విసుక్కున్నాడు. అంతలో అద్దం పక్కన నేల 'టక్'మంది. నాణెంతో కొట్టి చూశాను. నాలుగు టైల్స్ కింద పట్టు వదిలి బోలుగా మోగింది. ఇంజినీరు రెండడుగులు వెనక్కి వేశాడు. ఎవరు పూడ్చారని గద్దించాడు.

"నేనే," అన్నాను.

"తను కాదు. నేను," అన్నారు నాన్న.

ఇంజినీరు సాయంత్రం దాకా గడువిచ్చి వెళ్ళిపోయాడు. నేను మిషనుతో కోస్తుంటే, నాన్న పక్కన కూర్చుని ముక్కలు కత్తితో గీకి తీశారు. ఒక వరుస పూర్తయింది. తర్వాత, చోటు వదలకపోతే ఏ నేలైనా ఇలాగే లేస్తుందా అని అడిగారు. అవునన్నాను.

"సినిమా హాలు వరండాలో టైల్స్ లేచినప్పుడు మీ బాబాయి సిమెంటు సరిగ్గా కలపలేదని పదిమందిలో తిట్టాను. దానికి సందు వదలనిది నేను."

అది జరిగి పదకొండేళ్ళు. ఆ రోజు నుంచి బాబాయి మా గడప తొక్కలేదు.

"నేను నేర్పని పని నీకెవరు నేర్పారు?"

అబద్ధం చెప్పాలనిపించింది. ఇన్నేళ్ళూ ఆయనకు తెలియకుండా ఎవరింటికి వెళ్ళొస్తున్నానో చెప్పడానికి భయమేసింది.

"బాబాయి," అన్నాను.

నాన్న కత్తి కింద పెట్టారు. మోకాళ్ళకున్న తువ్వాళ్ళు విప్పడానికి ఆ వణికే చేతులతో చాలాసేపు తంటాలు పడ్డారు.

"పనయ్యాక వాడి ఇల్లు చూపించు," అన్నారు.