నక్తాల నెలలో బీపీ మాత్ర

బాపట్లలో ఉన్న మా అక్కకి గుండెలో వాల్వు మార్చాలని, కార్తీకం వెళ్ళాక ఆపరేషన్ అని చెప్పారు. ఆ రోజే మొక్కేసుకున్నాను, నెలంతా నక్తాలుంటానని. పగలంతా ఉపవాసం, చుక్కలు చూశాకే భోజనం. అక్క గట్టెక్కాలి. తెనాలిలో కూర్చుని అంతకంటే నాకేం చేతనవును?

నాకు బీపీ. మాత్ర రోజూ పొద్దున టిఫిన్ తిన్నాక వేసుకునేదాన్ని. ఇప్పుడు టిఫినే లేదాయె! ఖాళీ కడుపుతో వేసుకుంటే కళ్ళు తిరుగుతాయని నా అంతట నేనే తీర్మానించేసి, రాత్రి భోజనమయ్యాక వేసుకోవడం మొదలుపెట్టాను. అందులో ఒంట్లో నీరు లాగేసే మందు కూడా ఉంటుందని నా మొహానికేం తెలుసు? పడుకోవడం, బాత్రూంకి లేవడం. మళ్ళీ పడుకోవడం, మళ్ళీ లేవడం. ఒకరాత్రి మా ఆయన "ఆ లైటు ఇంక ఆర్పకే తల్లీ" అని దుప్పటి ముసుగేసుకున్నారు. ఒళ్ళు మండిపోయింది.

నేను పాఠాలు చెప్పే బడి రేపల్లెలో. పొద్దున రైలెక్కితే చాలు, తల వాలిపోయేది. ఒకరోజు అందరూ దిగిపోయాక పెట్టె ఊడ్చే ఆవిడ తట్టి లేపింది.

"రేపల్లె వచ్చేసిందమ్మా. ఒంట్లో బాలేదా ఏంటి?"

ఆ మాత్రానికే ఏడుపొచ్చేసింది నాకు.

ఇక లాభం లేదని తెనాలిలో మా డాక్టరుగారి దగ్గరికెళ్ళాను. ఆయన తల పట్టుకున్నారు. "ఉపవాసమైనా పొద్దున్నే మంచినీళ్ళతో వేసుకోవచ్చు కదమ్మా! ఒక్క మాట అడగొద్దూ?"

సిగ్గేసినా, హమ్మయ్య అనుకున్నాను. మర్నాటి నుంచి పొద్దున్నే మాత్ర. రాత్రి బాత్రూంకి లేచే పని తప్పింది. నిద్ర మాత్రం రాలేదు. బాపట్ల నుంచి ఫోనొస్తుందేమోనని వింటూ తెల్లవార్లూ పడి ఉండేదాన్ని. తిట్టుకోవడానికి ఇప్పుడు మాత్ర కూడా లేదు.

ఆదివారం అక్కని చూడ్డానికెళ్ళాను. నన్ను చూస్తూనే, "ఏంటే ఆ కళ్ళు? నిద్రపోవట్లేదా?" అంది.

"బీపీ మాత్ర పడట్లేదక్కా."

"అయితే మార్చమను ఆ డాక్టర్ని." ఆయాసపడుతూనే గోడవైపు జరిగి, మంచం మీద నాకు చోటిచ్చింది. "కాసేపు పడుకో. నేను మెలకువగానే ఉంటాగా."

పక్కన ఒరిగాను. నా తల నిమురుతూ ఉంది. ఆవిడ ఊపిరి వింటూ, నిద్రపోయినట్టు కదలకుండా పడుకున్నాను.