టీకాల పిలుపు నా గడపకు వచ్చింది

నా నడుంనొప్పి రాయి నొప్పి అన్న వార్త మొదట తెచ్చింది మా ఆయా ఈరమ్మ. అప్పుడు నేను వడ్డేపల్లి మండలంలోని ఒక ఊళ్లో అంగన్‌వాడీ టీచర్‌ని. రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్లుంది. గద్వాలలో నా స్కానింగ్ రిపోర్టు తీసుకుని ఈరమ్మ బస్సు దిగి నేరుగా సెంటర్‌కే వచ్చింది. పిల్లలకు ఉడికిన గుడ్లు పంచుతున్నాను.

“గుడ్లు పంచి పంచి కడుపుల నువ్వే ఒకటి పెట్టినవ్ టీచరమ్మా! శెనిగ్గింజంత రాయంట. మూత్రం దారిల ఇరికిందంట.”

నేను బడికి పోలేదు. అబ్బాజాన్ ఇంట్లోనే చదువు చెప్పి పదో తరగతి ప్రైవేటుగా రాయించారు. ఆ చదువుతో దొరికిన కొలువని అల్లాకు శుక్రియా చెప్పుకుంటూ రిజిస్టర్లు జాగ్రత్తగా రాసేదాన్ని: పిల్లల తూకం, ఎత్తు, టీకా తారీఖు. తారీఖు తప్పిన తల్లులను గట్టిగానే మందలించేదాన్ని. టీకాల పొద్దున ఈరమ్మ ప్రతి గడప ముందూ నిలబడి, ఇవాళ తారీఖని, చీటీ పట్టుకుని రమ్మని కేకేసేది.

సెంటర్ ఒక అద్దె గది. మరుగుదొడ్డి లేదు. అందుకని సాయంత్రం దాకా నీళ్లు ముట్టకపోవడం ఏళ్ల నాటి అలవాటు. గద్వాల ఆస్పత్రిలో ఆ మాట చెప్పగానే డాక్టరుగారు రాయడం ఆపి నా వైపు చూశారు, రాయికి అదే కారణం కావచ్చన్నారు.

నడుముకు మత్తు సూది ఇచ్చి, మూత్రం దారిలోంచే సన్నని గొట్టం పంపి, లేజర్‌తో రాయిని పొడి చేశారు. కోత లేదు. వాపుతో దారి మూసుకుపోకుండా లోపల స్టెంట్ అనే మెత్తని పైపు ఉంచి, మూడు వారాలకు తీయించుకోమని చీటీలో తారీఖు వేశారు. అలాగే వదిలేస్తే దాని మీదే రాయి పేరుకుని కిడ్నీకి ముప్పని, తోడొచ్చిన ఈరమ్మ వింటుండగానే చెప్పారు.

వారం రోజులు మంట, తర్వాత తగ్గింది. పైపు తీయాల్సిన తారీఖు రంజాన్ నెల రెండో రోజున పడింది. రోజా ఉపవాసం విడవడం మనసుకు రాలేదు. పండుగయ్యాక పోదామనుకున్నాను. భయం కూడా ఉండిందని ఇప్పుడు ఒప్పుకుంటాను.

ఆ పొద్దున గడప బయట కేక. “ఓ తల్లీ, ఇయ్యాల నీ తారీఖు! చీటీ పట్టుకొని రా!”

టీకాల రోజు కాదే అనుకుంటూ తలుపు తీశాను. ఈరమ్మ సంచీ తగిలించుకుని నిలబడి ఉంది.

“ఈద్ పండుగైనంక పోత ఈరమ్మా. రోజా ఉన్న.”

“పిల్లకు జరమొస్తది, తర్వాత ఏపిస్త అన్న శాంతమ్మను వాడంత ఇనేటట్టు తిట్టినవ్. నీకు ఇంకో కానూనా? బీమారున్నోళ్లు రోజాలు తర్వాత ఉండొచ్చని నాకు చెప్పింది నువ్వే గద! నడువ్, బస్సొస్తది.”

ఎదురింటి శాంతమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. నేను రెండు గ్లాసుల నీళ్లు తాగి బయలుదేరాను.

పైపు తీయడానికి ఐదు నిమిషాలు పట్టలేదు. దాని కొసకు అప్పటికే ఇసుకలాంటి తెల్లని పొర పట్టింది. డాక్టరుగారు చూపించారు.

విడిచిన రోజాలు చలికాలంలో తీర్చుకున్నాను. సెంటర్ పక్కింటివాళ్లను అడిగి వారి మరుగుదొడ్డి వాడుకున్నాం. నీళ్ల బిందె నా కుర్చీ పక్కకు వచ్చింది. ఊరందరి తారీఖులు రాసేవాళ్లు తమ తారీఖును ఇంకొకరి చేతిలో పెట్టాలి. నాకు తెలిసింది ఇంతే.

ఈరమ్మ ఇప్పటికీ టీకాల పొద్దున ఆ ఊళ్లో గడపగడపకూ తిరుగుతోంది. మీరు దుఆకు చేతులెత్తినా, దేవుడికి దండం పెట్టుకున్నా, ఆమెను ఒక్కసారి తలుచుకోండి.