వీరమ్మ చెప్పని సాక్ష్యం

బైబిల్లో మార్త అనే మనిషికి కుదురుండదు. ప్రభువే ఇంటికొచ్చి కూర్చున్నా ఆమె చేతిలో పని వదలదు. అబిడ్స్ చర్చికి వచ్చే మార్తమ్మకు ఆ పేరు ఎవరు పెట్టారో గానీ, మనిషిని చూసే పెట్టినట్టుంది. ప్రార్థనలో కళ్ళు మూసుకుంటే ఆమెకు పొయ్యి మీది పాలే కనిపించేవి.

మెదక్ వైపు నుంచి చిన్నప్పుడే మిషన్ హాస్టల్‌కు వచ్చింది. దవాఖానలో ఆయాగా పనిచేసింది. మగడు పోయాక నాంపల్లి స్టేషన్ వెనుక సందులో ఉండిపోయింది. అక్కడ చర్చి స్త్రీల సమాజానికి రెండు గదులుండేవి. ఒకదాంట్లో మార్తమ్మ, రెండోదాంట్లో దిక్కులేని గర్భిణులు, బాలింతలు. గంజి కాచడం, నొప్పులొస్తే రిక్షా పిలవడం, పసిబిడ్డకు నీళ్ళు పోయడం ఆమె వంతు. ఆ పనికి ‘పరిచర్య’ అని పేరు పెట్టడం సమాజం వంతు.

సమాజానికి ఒక ఆనవాయితీ ఉంది. సాయం పొందిన మనిషి ఆదివారం ఆరాధనలో లేచి, దేవుడు తనకేం చేశాడో నలుగురి ముందూ చెప్పాలి. దాన్ని సాక్ష్యం అంటారు. గది ఇచ్చినవాళ్ళు అలా లేచి నిలబడ్డ దాఖలా లేదు.

1961 డిసెంబరులో వీరమ్మ వచ్చింది. ఉస్మాన్‌గంజ్‌లో మూటలు మోసే మగడు ఇంకొకతెతో మాయమైతే, అతన్ని వెతుక్కుంటూ పల్లె నుంచి వచ్చి, నిండు నెలలతో స్టేషన్ గోడవారన కూలబడింది. మార్తమ్మ చూసి తీసుకొచ్చింది. క్రిస్మస్‌కు ముందే మగపిల్లవాడు పుట్టాడు.

సమాజం సెక్రటరీ ఎలిజబెత్ దేవదానం గుంటూరు మనిషి, రాష్ట్రం ఏర్పడ్డాక భర్త ఉద్యోగంతో వచ్చిన ఆవిడ. ఆమెకు సంబరం ఆగలేదు.

“మార్తమ్మా, ఆ పిల్ల సాక్ష్యం ఈ ఆదివారమే పెట్టండి. పండగ వారం, చంటిబిడ్డతో నిలబడితే ఎంత బావుంటుందో!”

“మొన్ననే కాన్పయింది గదమ్మగారూ. చలి సుత గిట్లున్నది.”

“రిక్షా పెడతాం కదండీ. రాకపోతే మాత్రం గది వేరేవాళ్ళకిస్తాం. రూలు రూలే.”

మార్తమ్మ వచ్చి వీరమ్మకు చెప్పింది. వీరమ్మ బిడ్డను దగ్గరికి లాక్కుంది.

“నేను రానవ్వా.”

“ఎందుకు రావు? సిగ్గా?”

“కాదు.”

“మరేంది? నోట్ల బెల్లముందా?”

వీరమ్మ తల వంచుకుంది. మార్తమ్మకు ఓపిక తక్కువ.

“గంజి తాగినప్పుడు లేని పట్టింపు గిప్పుడెక్కడిది? రాకుంటే గది ఉండది. నా చేతుల లేదు!”

అనేశాక మనసు చివుక్కుమంది. కానీ అవతల పాలు పొంగుతున్నాయి. లేచిపోయింది.

ఆదివారం ఒక్కతే చర్చికి వెళ్ళింది, సెక్రటరీని బతిమాలడానికి. పాస్టరు వాక్యం చదువుతున్నాడు. కన్న తర్వాత శుద్ధి దినాలు గడిచాకే మరియ బిడ్డను దేవాలయానికి తీసుకెళ్ళిందన్న చోటు. ఏటేటా విన్నదే. ఈసారి మార్తమ్మ దిగ్గున లేచింది.

సెక్రటరీ ఆమె కొంగు పట్టి లాగింది. “ఇప్పుడు కాదండీ! సాక్ష్యాలు కానుకల తర్వాత.”

“పాలు పొయ్యి మీదున్నయ్ అమ్మగారూ!”

చలికాలం ఎండలో పడి నాంపల్లి దాకా దాదాపు పరుగే. గదిలో బొంత మడిచి ఉంది. నేల ఊడ్చి ఉంది. మనిషి లేదు. చెప్పుల్లో కాళ్ళు నిలవక మార్తమ్మ స్టేషన్‌కు పోయింది. ఆ గోడవారనే, బిడ్డను కొంగులో చుట్టుకుని వీరమ్మ.

“ఏడికి పోతున్నవే, పచ్చి బాలింతవు?”

“ఊరికి.”

“ఊర్ల ఎవరున్నరు?”

వీరమ్మ బిడ్డ తల మీదికి కొంగు లాగింది.

“గుడికి రానన్నది పురుటి మైలకేనా?”

వీరమ్మ వింతగా చూసింది. “ఇంక దేనికవ్వా? మైలతోని గుడెట్ల ఎక్కుతరు? గంజి పోసిన దేవుడాయె. గాయనకు మైల అంటియ్యాల్నా?”

“చెప్పొచ్చు గద!”

“గిది సుత చెప్పాల్నా? ఆడదానివి, నీకెరుక లేదా? నన్ను పరీక్ష పెడుతున్నవనుకున్న.”

మైల ఉత్తదేనని మార్తమ్మ హాస్టల్లో నేర్చుకుంది, పదిమందికి నేర్పింది. ఇప్పుడూ అదే మాట నోటిదాకా వచ్చింది. బిడ్డ తుమ్మాడు. ఆ మాట మింగేసింది.

“నడువు ముందుగాల. పిలగానికి గాలి కొడుతున్నది.”

సాయంత్రం సెక్రటరీ వచ్చేసరికి వీరమ్మ మార్తమ్మ మంచం మీద ఉంది.

“గది మీదే అమ్మగారూ, తీస్కోండ్రి. గీ మంచం నాది.”

“ఇదేం పంతం మార్తమ్మా?”

“ప్రభువు తల్లే ఆగింది. గీ పిల్ల ఆగొద్దా?”

“అదీ ఇదీ ఒకటా? ఆవిడది దేవుడిచ్చిన ధర్మశాస్త్రం. ఈమెది మూఢనమ్మకం!”

“ఏమో అమ్మగారూ. నాకు ఇద్దరూ బాలింతలే.”

రెండో గదికి తాళం పడింది. మార్తమ్మ కింద పడుకుని మోకాళ్ళు పట్టుకుంది. రేపు ఈ గదికీ తాళం వేస్తే? మైల తీరాక కూడా ఈ పిల్ల గుడి గడప తొక్కకపోతే? వీరమ్మను అడగలేదు. అడిగితే మళ్ళీ మూట కడుతుందని భయం.

మైల తీరాక ఒక ఆదివారం, పాట మొదలయ్యే వేళకు, తలంటుకుని వీరమ్మ తనంతట తనే అబిడ్స్ వచ్చింది. ఒక చంకలో పిల్లవాడు, ఇంకో చేతిలో కొబ్బరికాయ.

“ఏడ కొట్టాలె అవ్వా?”

వాకిట్లో సెక్రటరీ చూస్తోంది. మార్తమ్మ కాయను గబుక్కున కొంగు కింద దాచి, వీరమ్మను లాక్కుని వెనక బెంచీలో కూర్చోబెట్టింది. వీరమ్మ పిల్లవాణ్ణి సిలువ వైపు ఎత్తి చూపించింది, అంతే. కానుకల సంచి వరుస వరుసా దాటి వస్తోంది. కొబ్బరికాయ అందులో పట్టదు.