ఫోటోలో పడని నంబర్లు

కెమెరా కొనాలనుకునేవాళ్లు అప్పుడప్పుడు నా దగ్గరికి సలహాకు వస్తుంటారు. కొత్తకోటలో మెయిన్ రోడ్డు మీద చిన్న స్టూడియో పెట్టుకుని పెళ్లిళ్లకూ ఓణీల ఫంక్షన్లకూ ఫోటోలు తీస్తాను కాబట్టి నాకన్నీ తెలుసని వాళ్ల నమ్మకం. "అక్కా, మిర్రర్‌లెస్సే కొనాల్నా, జేబుల వట్టే చిన్నది సాలదా?" అంటారు. ఇదివరకైతే ఆ ప్రశ్నకు పకపకా నవ్వేదాన్ని. ఎద్దుల బండికీ కారుకీ పోలికేమిటి అనేదాన్ని. ఇప్పుడు నవ్వడం లేదు. దేన్ని తీయడానికో ముందు చెప్పండి అంటాను.

నా దగ్గర మొదట ఉన్నది ఎర్రటి కాంపాక్టు కెమెరా. సబ్బు పెట్టెంత ఉంటుంది. బొత్తాం నొక్కితే బుల్లి లెన్సు బయటికి వస్తుంది, వెలుగు కాస్త తగ్గితే చాలు ఫ్లాష్ దానంతటదే కొడుతుంది. అందులో ఏదీ అందంగా పడదు, కానీ ఎదురుగా ఉన్నదంతా పడుతుంది. పెళ్లికూతురితోపాటు వెనక ప్లాస్టిక్ కుర్చీలు, కూలరు, విస్తరి ముందు నోరు తెరిచిన మేనమామ, అందరూ ఒకే తీరుగా స్పష్టంగా ఉంటారు. ఆ కెమెరాతో తీసినన్నాళ్లూ నన్నెవరూ ఫోటోగ్రాఫర్ అనలేదు.

తర్వాత మిర్రర్‌లెస్, అంటే లెన్సులు మార్చుకునే పెద్ద కెమెరా, కొన్నాను. దాన్ని మొదటిసారి కంటికి ఆనించుకున్న రోజు నా కళ్లు నెత్తికెక్కాయి, ఒప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. మనిషి ఎదురుగా రాగానే అది ముఖాన్ని వెతికి, కన్ను మీద పచ్చటి చిన్న గడి నిలుపుతుంది. ఇక ఆ మనిషి తల తిప్పినా, నడిచినా ఆ గడి కన్నును వదలదు. లెన్సు పూర్తిగా తెరిచి తీస్తే కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు. చెవి దగ్గరికొచ్చేసరికి మసక మొదలవుతుంది. వెనక ఉన్నదంతా రంగుల పొగ. మేనమామ నోరు కనబడదు. పెళ్లివాళ్లకు కావలసింది అదే, నాకు పేరు తెచ్చింది అదే.

పాత కాంపాక్టును మా నాన్నకు, అదే బాపుకు, ఇచ్చేశాను. బాపు గొర్లకాపరి. ఆయన దగ్గరున్నది బొత్తాల ఫోను, దాంతో ఫోటోలు రావు. కెమెరా చేతికొచ్చాక పొట్టేళ్లనూ, ఈనిన గొర్రెలనూ, కొత్త పిల్లలనూ తీసి తెచ్చేవాడు. "జర ఖాళీ జెయ్యి బిడ్డా, నిండిందంటుంది" అని కార్డు నా ముందు పెట్టేవాడు. చూడకుండానే కంప్యూటర్లో పడేసేదాన్ని.

రాష్ట్రం వచ్చిన కొన్నేళ్లకు బాపుకు ప్రభుత్వం పంచిన గొర్రెలు వచ్చాయి. వాటిని అమ్ముకోకూడదు, చనిపోతే బీమా డబ్బు వస్తుంది. ఒక్కొక్కదాని ఎడమ చెవికి నంబరున్న పసుపు బిళ్ల ఉంటుంది. బాపు సొంత మందకు బిళ్లలు లేవు. ఎక్కడినుంచో లారీలో దిగిన ఆ గొర్రెలు పాత మందలో కలవలేదు. మేతకు పోయినా, నీళ్లకు పోయినా వాటి గుంపు వాటిదే. పక్క ఊళ్లో ఒకాయన తనకొచ్చినవి అమ్ముకుని, రోగమొచ్చి చచ్చాయని రాయించాడని పుకారు పుట్టింది. అది విన్నప్పటినుంచి బాపు ఎవరు పలకరించినా ముందు గొర్రెల లెక్క చెప్పేవాడు. అబద్ధాలకోరు అనిపించుకోవడం కంటే ఆయనకు భయమైనది ఇంకొకటి లేదు.

ఒక ఎండాకాలం సాయంత్రం గాలివాన వచ్చింది. బాపు పాత మందను వాగు నుంచి తోలుకొస్తున్నాడు. బిళ్ల గొర్రెలు మాత్రం ఎప్పటిలాగే విడిగా, చేనిగట్టు మీది వేపచెట్టు కింద ఒకదానికొకటి ఒరుసుకుని నిలబడ్డాయి. పిడుగు ఆ చెట్టు మీదే పడింది. తొమ్మిది చచ్చిపోయాయి. తొమ్మిదీ ప్రభుత్వం ఇచ్చినవే.

తెల్లారి నేను వెళ్లేసరికి పశువుల డాక్టరు వచ్చి ఉన్నాడు. ఒకదాన్ని కోసి చూశాడు, పిడుగేనని రాశాడు. ఆ తర్వాత బీమా సంగతి చెప్పాడు. "ఒక్కొక్క గొర్రెకు విడిగ ఫోటో ఉండాలె. బిళ్ల చెవికి ఉన్నప్పుడే తీయాలె, నంబరు చదువరావాలె. కోసినంక బిళ్ల చేతుల వట్టుకొస్తే ఎవ్వరు నమ్మరు" అన్నాడు. అప్పటికే కళేబరాలు ఉబ్బుతున్నాయి. కాలువ పని నుంచి బతిమాలి తెచ్చిన జేసీబీ గుంత తీసి, ఇంజను ఆపకుండా నిలబడి ఉంది. దాని డ్రైవరు గడియకోసారి హారన్ కొడుతున్నాడు. గట్టు మీద కుక్కలు కాచుకుని కూర్చున్నాయి.

"మా బిడ్డ ఉన్నది సారూ, పెద్ద కెమెరా ఉన్నది" అన్నాడు బాపు. ఆ మాట నాకు ఎంత బలాన్నిచ్చిందో చెప్పలేను. మోకాళ్ల మీద కూర్చుని మిర్రర్‌లెస్ తీశాను. అందులో జంతువుల కన్ను పట్టే ఏర్పాటు కూడా ఉంది. కుక్కలకూ పిల్లులకూ అని రాసి ఉంటుంది గానీ గొర్రెనూ పట్టింది. తెరిచి ఉన్న కన్ను మీద పచ్చ గడి వచ్చి నిలబడింది. చచ్చిన కన్నని దానికేం తెలుసు! వెనక గుంత, కుక్కలు, గుమిగూడిన జనం కనబడకూడదని లెన్సు పూర్తిగా తెరిచాను. పెళ్లిళ్లలో చేసే పనే అక్కడా చేశాను.

మూడోదాని దగ్గర ఉండగా నా పక్క నుంచి ఫ్లాష్ కొట్టింది. తల తిప్పితే బాపు. నేను తీసి వదిలేసిన గొర్రె దగ్గర గొంతుక్కూర్చుని, దాని దవడ కింద ఒక చెయ్యి పెట్టి తల పైకెత్తి, ఇంకో చేత్తో ఎర్ర కెమెరా పట్టుకుని తీస్తున్నాడు. ఇంకాసేపటికి మళ్లీ ఫ్లాష్. నాకు ముక్కు మీదే కోపం.

"బాపూ, బంద్ జెయ్యి అది! నీ టార్చిలైటు నా ఫోటోలల్ల వడుతాంది. నేను తీస్తున్న గద, నీకేం పనిక్కడ?" అని అరిచాను. ఇరవై మంది ఉన్నారక్కడ. డ్రైవరు ఇంకోసారి హారన్ కొట్టాడు.

"కానీ బిడ్డా, నువ్వు కానీ" అన్నాడు బాపు. నేను ఇంకో గొర్రె దగ్గరికి జరిగేదాకా ఆగి, నేను వదిలేసినదాని తల ఎత్తి, మళ్లీ తీశాడు. అట్లా తొమ్మిదింటికీ తీశాడు. పళ్లు కొరుక్కుంటూ నా పని నేను చేసుకున్నాను. తర్వాత చెవులు కోశారు, బిళ్లలు సంచిలో వేశారు, జేసీబీ గొర్రెలను గుంతలోకి నెట్టి మన్ను కప్పింది.

మధ్యాహ్నం స్టూడియోలో ఫోటోలు పెద్దవి చేసి చూశాను. కన్ను అద్దంలా ఉంది. రెప్ప మీద వాలిన ఈగ కాళ్లు కూడా కనబడుతున్నాయి. చెవి దగ్గర పసుపు మరక, దాని మీద నల్లటి పూత. అంతే. రెండోది చూశాను, మూడోది చూశాను. తొమ్మిదింటిలో ఒక్క నంబరూ చదవరాలేదు. కెమెరా వెనక ఉండే చిన్న తెర మీద అన్నీ బాగున్నట్టే కనబడ్డాయి. నంబరు ఉందా లేదా అని ఒక్కదాన్నైనా పెద్దది చేసి చూసుకోలేదు.

సాయంత్రం బాపు ఫోన్ చేశాడు. "ఎట్లొచ్చినయి బిడ్డా?"

"మంచిగొచ్చినయి" అన్నాను.

ఆ ఒక్క మాట నాలుగు రోజులు నన్ను తినేసింది. నాకు తెలిసిన సాఫ్ట్‌వేర్లన్నీ వాడి చూశాను. మసకను ఎంత గీకినా మసకే. నాలుగో రోజు పాడు ఆలోచన వచ్చింది. బిళ్లల నంబర్లు గొర్రెలతోపాటు బాపుకిచ్చిన పుస్తకంలో ఉన్నాయి. ఫోటోలో ఆ పసుపు మరక మీద నంబరు దిద్దితే ఎవరికి తెలుస్తుంది? పెళ్లికూతుళ్ల మొటిమలు తీసేసే చేతికి అదెంత పని! ఒకదానికి దిద్దాను. నేనే నమ్మేటట్టుగా వచ్చింది. మిగతా ఎనిమిదింటికీ దిద్ది ప్రింట్లు తీసి ఒక కవర్లో పెట్టాను, దిద్దనివి ఇంకో కవర్లో పెట్టాను. దొరికిపోతే దొంగ అనిపించుకునేది నేను కాదు, బాపు.

బీమా ఆఫీసువాళ్లు విచారణకు రమ్మన్న రోజు ఇద్దరం బస్సులో వెళ్లాం. బాపు ఉతికిన తెల్ల చొక్కా వేసుకున్నాడు. దారి పొడుగునా, చెప్పేద్దామని ఎన్నిసార్లు నోరు తెరిచానో. "ఫికర్ జెయ్యకు. ఫోటోలున్నయి గద" అని ఆయనే నాకు ధైర్యం చెప్పాడు.

బల్ల అవతల కూర్చున్నతను నా ఈడువాడే. మర్యాదగానే మాట్లాడాడు. డాక్టరు కాగితం చదివి, బాపు పుస్తకం తిరగేసి అడిగాడు.

"పెద్దమనిషీ, నీ మందల సొంత గొర్లు గూడ ఉన్నయి గద? పిడుగు వడి తొమ్మిది సచ్చినయి. తొమ్మిదిట్ల నీదొక్కటి లేదు, అన్నీ గవర్నమెంటువే. గిట్లెట్ల అయితది?"

"గవి కలువయి సారూ. గవన్నీ ఒక్కతాననే ఉంటయి."

"అందరు గిట్లనే జెప్తరు. గవర్నమెంటువి అమ్ముకున్నోళ్లు గూడ సొంత గొర్లు సచ్చినప్పుడు బిళ్లలు దెచ్చి గిట్లనే జెప్తరు."

"నేను అమ్ముకోలే సారూ. నా నోటెంట అబద్ధం రాదు" అన్నాడు బాపు. "ఫోటోలు సూపియ్యి బిడ్డా" అని నా వైపు తిరిగాడు.

నా సంచిలో రెండు కవర్లున్నాయి. చెయ్యి దిద్దిన కవరు మీదే పడింది. దాన్ని సగం దాకా బయటికి లాగాను కూడా. నా నోటెంట అబద్ధం రాదు అన్న మాట ఇంకా ఆ గదిలోనే ఉంది. నావల్ల కాలేదు. దాన్ని లోపలికి నెట్టి, దిద్దని ఫోటోలు తీసి బల్ల మీద పెట్టాను.

అతను ఒక్కొక్కటీ వెలుతురుకు పట్టి చూశాడు. "నంబరేదమ్మా? ఒక్కటి గూడ చదువరాదు."

"తప్పు నాది" అన్నాను. "నాకు తీయడం రాలేదు. బాపుకు ఇది తెలియదు."

బాపు నా వైపు చూశాడు. నన్ను కొట్టినా బాగుండేది. అప్పుడు బాపు చొక్కా జేబులోంచి ఎర్ర కెమెరా తీసి, రెండు చేతులతో బల్ల మీద పెట్టాడు.

"గిండ్ల గూడ ఉన్నయి సారూ. ఎవ్వరికి సూపెట్టనీకె తీయలే. మన్ను గప్పకముందు ఒకపారి దీసి వెట్టుకుందమని తీసిన."

అతను ఒక్కొక్కటీ తెరిచి పెద్దది చేశాడు. బాపు చేతిలో ఎత్తి పట్టిన గొర్రె తల, వేలాడే చెవి, ఫ్లాష్ వెలుగులో మెరుస్తున్న పసుపు బిళ్ల. నంబరు ఒక్క అంకె పోకుండా ఉంది. అతను పైకి చదువుతూ పుస్తకంలో టిక్కు పెట్టుకుంటూ పోయాడు. ఒకటి, రెండు, మూడు. తొమ్మిదోదానికి కూడా టిక్కు పెట్టి, "సరిపోయినయి" అన్నాడు. బాపు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

అతను మళ్లీ వెనక్కి తిప్పుతూ ఒక ఫోటో దగ్గర ఆగాడు. "వెనక ఎవరు?"

బాపు ముందుకు వంగి చూశాడు. "మా బిడ్డ సారూ. ఫోటోలు దీస్తది."

నేనూ చూశాను. ముందు చచ్చిన గొర్రె, దాని దవడ కింద బాపు చెయ్యి. నాలుగడుగుల వెనక నేను, పెద్ద కెమెరా వెనక తెరలోకి చూసుకుంటూ. ఆ చిన్న కెమెరా దేన్నీ మసక చేయదని చెప్పాను కదా. నా ముఖం అచ్చంగా పడింది. నవ్వుతున్నాను. మంచి ఫోటో పడినప్పుడు పెళ్లి మండపంలో నవ్వే నవ్వే అది. తల కొట్టేసినట్టయింది.

"గివన్నీ ప్రింట్లు కావాలె" అన్నాడతను. "ఉన్నయి ఉన్నట్టు తీయుండ్రి. అంచులు కోసినా, దిద్దినా చెల్లయి."

అక్కణ్నుంచి నేరుగా స్టూడియోకే వచ్చాం. బాపును స్టూలు మీద కూర్చోబెట్టి, ఆయన తీసిన తొమ్మిదీ ఉన్నవి ఉన్నట్టే ప్రింటు తీశాను. ఐదింటిలో నేనున్నాను. నవ్వుతున్నది ఒక్కదాంట్లోనే. బాపు వాటిని ఒక్కొక్కటిగా చేతిలోకి తీసుకున్నాడు. దాని దగ్గరికొచ్చేసరికి ఆగి, కళ్లకు దూరంగా పెట్టి చాలాసేపు చూశాడు.

"మంచిగ వడ్డవు బిడ్డా" అన్నాడు. అందులో వెటకారం లేదు. ఉంటే తట్టుకునేదాన్ని.

దాన్ని మిగతావాటి కింద పెట్టి, ఇంకోటి చేతిలోకి తీసుకుని ఆ గొర్రె నుదుటి మీద బొటనవేలితో నిమిరాడు.