వెయ్యని మందు

మొన్న నేను ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఒక కుర్ర డాక్టరు వచ్చి, నా మణికట్టు ముట్టుకోకుండానే కాగితం మీద నాడి ఎంతో రాసేసి, చక్కగా నవ్వి వెళ్ళిపోయాడు. "అడగవేం తాతయ్యా?" అని మనవరాలు నా మీద మండిపడింది. అడగడానికి నాకు మొహం లేదు. ఆ వయసులో నేను ఇంతకంటే ఘోరం చేశాను.

పంతొమ్మిది వందల ఇరవైల నాటి మాట. మన్యంలో చిన్న ఆసుపత్రి. పెంకుల కప్పు, తడి కంబళ్ళ వాసన, వదలని ముసురు. వైద్యం నేర్చుకునేవాళ్ళం ఇద్దరం ఉండేవాళ్ళం. రోగుల కాగితాలు సగం ఖాళీగా వదిలేస్తున్నామని తిట్టి తిట్టి అలిసిపోయిన పెద్ద డాక్టరుగారు చివరికి ఒక ఆశ పెట్టారు: నెలంతా ఒక్క గడి ఖాళీ లేకుండా రాసినవాడికి ఇంటికి వెళ్ళడానికి సెలవు, కిందికి దిగే టపా బండిలో చోటు. నాకు ముందు పనిచేసినతను మన్యపు జ్వరంతో పోయాడు. అతని మంచమే నాకిచ్చారు. చెవి దగ్గర దోమ పాడితే నా ఒళ్ళు చల్లబడేది. అందుకని ఆ సెలవు నాకు సరదా కాదు, ప్రాణం. సాయంత్రం వెయ్యాల్సిన మందు కూడా వేసినట్టు పొద్దున్నే రాసిపెట్టుకునేవాణ్ణి.

ఒక సంతరోజు, జ్వరంతో కాలిపోతున్న ఒక కొండ ఇల్లాలిని డోలీలో మోసుకొచ్చారు. డాక్టరుగారు పూటపూటకీ క్వినైన్ వెయ్యమన్నారు. అన్ని పూటలూ ముందే రాసేసి, సంతకొచ్చిన రోగుల గుంపులో పడి ఒక్క పూటా వెయ్యలేదు. నా తోటివాడు కాగితం చూసి, వేశాననే అనుకున్నాడు. మర్నాటికి ఆమెకు మాట పడిపోయింది. డాక్టరుగారు కాగితం చదివి, "ఇంత క్వినైన్‌కీ లొంగలేదంటే ఇది మలేరియా కాదు. ఇక నా చేతిలో లేదు" అన్నారు.

ఆమె మొగుడు వాదించలేదు. "మీ మందు పన్సెయ్యనేదు గదా బాబూ. మా దిసారి కాడికి ఎత్తుకుపోతాం" అన్నాడు. దిసారి అంటే వాళ్ళ పల్లెలో పూజలు చేసి జబ్బులు చూసే పెద్ద.

డోలీ లేచింది. నేను వరండా స్తంభం పట్టుకుని నిలబడ్డాను. చెబితే నా పని పోతుంది, చెప్పకపోతే ఆమె పోతుంది. సిగ్గు విడిచి చెబుతున్నాను, అప్పుడు నా కళ్ళ ముందున్నది ఆమె ముఖం కాదు, టపా బండి. డోలీ గెడ్డలో నీళ్ళు దాటి చెట్లలో కలిసిపోతుంటే అప్పుడు పరిగెత్తి ఆమె మొగుణ్ణి ఆపాను.

"ఏటి బాబూ, అలగ రొప్పుతన్నావు?"

"మందు వెయ్యలేదు. వేసినట్టు రాశాను."

"నిన్న తాగించినవేటి మరి?"

"ఉత్త బార్లీ నీళ్ళు."

కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. అతను భయంభయంగా నా చెయ్యి పట్టుకుని, "ఇప్పుడేస్తే బతుకుద్దా?" అన్నాడు. నేను జవాబు చెప్పేలోపే బోయీల మీద అరిచాడు. "ఒరే, తిప్పండి. బేగి!"

డాక్టరుగారికీ ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయనే క్వినైన్ సూది వేసి, ఆమె పక్కనే కూర్చున్నారు. చాలా రోజులకు ఆమె లేచి అంబలి అడిగింది. సెలవు నా తోటివాడికి వచ్చింది. నన్ను మాత్రం పంపెయ్యలేదు. ఎందుకో నేనూ అడగలేదు.

ఆ స్తంభం దగ్గర నేను నిలబడింది కాసేపే అయివుండాలి. ఇన్నేళ్ళు గడిచాయి గానీ, ఆ కాసేపు మాత్రం ఇంకా గడవలేదు.